అనాథపిండికుడి వాకిలి

ధమ్మ బంధువులారా, ముందుగా ఒక్క నిమిషం మీ తాతనో అమ్మమ్మనో గుర్తు చేసుకోండి. ఊళ్ళో పెద్ద కులపోళ్ళ ఇంటికి పనికి పోయిన రోజున దాహమేస్తే వాళ్ళు ఎక్కడ నిలబడ్డారు? గడప అవతల, వాకిట్లో. నీళ్ళు ఎట్లా తాగారు? దోసిలి పడితే పైనుంచి పోస్తే తాగారు. టీ హోటల్లో మనకు వేరే గ్లాసు ఉండేది. తాగి, మనమే కడిగి, మనమే బోర్లించి రావాలి. అతిథి అన్న మాట మన పెద్దల దగ్గరికి ఎన్నడూ రాలేదు.

బాబాసాహెబ్ దగ్గరికీ రాలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, లండన్ చూసి వచ్చిన మనిషి 1917లో బరోడా సంస్థానం ఉద్యోగానికి వెళితే ఆ నగరంలో తల దాచుకోను ఒక గది దొరకలేదు. పార్సీ పేరు చెప్పుకుని పార్సీల సత్రంలో దిగాడు. కొద్ది రోజులకే కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయమంది. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి ఆశ్రయం అడిగితే ఇద్దరూ తప్పించుకున్నారు. రైలు వేళ దాకా ఒక పార్కులో కూర్చుని బొంబాయి తిరిగి వెళ్ళిపోయాడు. ఒక మనిషిని ఇంట్లోకి పిలవకపోవడం ఎంత పెద్ద హింసో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

అదే బాబాసాహెబ్ తన చివరి రోజుల్లో రాసిన బుద్ధుడు, ఆయన ధమ్మం అన్న గ్రంథంలో ఒక గృహస్థుడి కథకు చోటు ఇచ్చాడు. ఆ గృహస్థుడే అనాథపిండికుడు. ఆయన భిక్ఖువు కాదు, రాజూ కాదు. మీలాగా నాలాగా పెళ్ళాం పిల్లలు, అప్పులు, లెక్కలు, ఇంటి గొడవలు ఉన్న సంసారి. ఇంటికి వచ్చిన మనిషిని ఎట్లా చూడాలో జీవితమంతా నేర్చుకుంటూ పోయినవాడు. ఆయన గురించి ఈ చిన్న పుస్తకంలో చెప్పుకుందాం.

బావమరిది ఇంట్లో హడావిడి

రెండున్నర వేల ఏళ్ళ కిందటి మాట. కోసల రాజ్యానికి రాజధాని శ్రావస్తి. ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో, రాప్తి నది దగ్గర ఉంది. ఆ ఊళ్ళో సుదత్తుడని పెద్ద వర్తకుడు ఉండేవాడు. దిక్కులేని వాళ్ళకు అన్నం పెట్టేవాడు కాబట్టి జనం ఆయన్ని అనాథపిండికుడు అన్నారు. పిండం అంటే ఇక్కడ అన్నం ముద్ద. అమ్మానాన్న పెట్టిన పేరు మరుగున పడి, ఆయన పెట్టిన ముద్దే ఆయన పేరైంది.

ఒకసారి వ్యాపారం పని మీద మగధ రాజధాని రాజగృహానికి వెళ్ళాడు. అక్కడ ఆయన బావమరిది కూడా పెద్ద శ్రేష్ఠి. ఎప్పుడు వెళ్ళినా పనులన్నీ పక్కన పెట్టి ఎదురొచ్చి కుశలం అడిగేవాడు. ఆ రోజు మాత్రం పలకరించే తీరిక లేదు. తెల్లవారుజామునే లేవాలని, అన్నం కూరలు ఇట్లా వండాలని పనివాళ్ళకు పురమాయిస్తూ తిరుగుతున్నాడు. ఇంట్లో పెళ్ళా, యజ్ఞమా, బింబిసార మహారాజు గాని భోజనానికి వస్తున్నాడా అని సుదత్తుడు అనుకున్నాడు. తీరా అడిగితే, రేపు బుద్ధుణ్ణి, సంఘాన్ని భోజనానికి పిలిచానన్నాడు బావమరిది.

బుద్ధుడన్న మాట చెవిన పడగానే సుదత్తుడు నమ్మలేక మూడుసార్లు అడిగి తెలుసుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారిందనుకుని మూడుసార్లు లేచాడు. చివరికి ఆగలేక చీకట్లోనే బయలుదేరాడు. బుద్ధుడున్నది సీతవనంలో, శ్మశానం పక్కన. దారిలో భయమేసింది, వెనక్కి పోదామనుకున్నాడు, మళ్ళీ గుండె దిటవు చేసుకుని నడిచాడు. వేకువలో బయట పచార్లు చేస్తున్న తథాగతుడు ఆయన్ని చూసి సుదత్తా అని పేరు పెట్టి పిలిచాడు.

ఇక్కడ కాస్త ఆగండి. ఊరూరా శ్రేష్ఠి అనీ అనాథపిండికుడనీ పిలుస్తున్న మనిషిని బుద్ధుడు తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచాడు. ఆ ఒక్క పిలుపుతో సుదత్తుడి మనసు కరిగిపోయింది. పలకరింపు ఎంత పని చేస్తుందో చూడండి. ఆతిథ్యంలో మొదటి పాఠం ఆయన నేర్చుకున్నది ఒక శ్మశానం పక్కన, ఇల్లే లేని మనిషి దగ్గర!

ఆ రోజే ధమ్మం విని శరణు వెళ్ళాడు. మర్నాటి భోజనానికి సంఘాన్ని పిలిచాడు. ఖర్చు నేను పెట్టుకుంటానని బావమరిది అన్నాడు, రాజు కూడా అన్నాడు. సుదత్తుడు ఒప్పుకోలేదు. పరాయి ఊళ్ళో ఉన్నా తన అతిథులకు తన సొమ్ముతోనే పెట్టాడు. పనివాళ్ళకు వదిలెయ్యకుండా తన చేత్తో వడ్డించాడు. ఆ తర్వాత వర్షావాసానికి శ్రావస్తి రమ్మని బుద్ధుణ్ణి అడిగాడు. తథాగతులు జనం అలికిడి లేని చోట ఉండడానికి ఇష్టపడతారని బుద్ధుడు చెప్పాడు. సుదత్తుడికి అర్థమైంది. అతిథికి ఏం కావాలో అతిథే చెప్పాడు, ఇక ఏర్పాటు చేయడం తన పని.

తిరుగు దారిలో ఆయన చేసిన పని మీకు తప్పక చెప్పాలి. దారి పొడుగునా తెలిసినవాళ్ళను కలిసి, బుద్ధుడు ఈ బాటన రాబోతున్నాడు, దిగడానికి చోట్లు కట్టండి, తోటలు సిద్ధం చేయండి, దానం ఇవ్వండి అని చెప్పుకుంటూ పోయాడు. అతిథి తన గుమ్మం తొక్కాక మర్యాద చేయడం అందరూ చేస్తారు. తన ఇంటికి వచ్చే దారిలో అతిథి పడే కష్టం గురించి ఎంతమంది ఆలోచిస్తారు?

జేతవనం

శ్రావస్తి చేరి స్థలం వెతికాడు. ఊరికి మరీ దూరం కాకూడదు, ధమ్మం వినే జనం నడిచి రావాలి. మరీ దగ్గరా కాకూడదు, గోల ఉండకూడదు. పగలు సందడి లేకుండా, రాత్రి నిశ్శబ్దంగా ఉండాలి. అటువంటి చోటు ఒక్కటే కనబడింది, జేత రాకుమారుడి తోట. కోట్లు పరిచినా అమ్మనన్నాడు జేతుడు. ధర నోటితో అన్నావు కాబట్టి బేరం కుదిరినట్టేనని సుదత్తుడు పట్టుబట్టాడు. తగాదా న్యాయాధికారుల దాకా పోయింది. వాళ్ళు సుదత్తుడి పక్షాన తీర్పిచ్చారు. బండ్ల మీద నాణేలు తోలించి నేలంతా పరిపించాడు. గుమ్మం దగ్గర కొంచెం చోటు మిగిలిపోయింది. ఇంకా డబ్బు తెమ్మని మనుషుల్ని పంపబోతుంటే జేతుడి మనసు మారింది. ఆ మిగిలిన చోటు తనకు వదలమని అడిగి, అక్కడ ద్వారం తనే కట్టించాడు.

రెండు వేల ఏళ్ళకు పూర్వం భర్హుత్ స్తూపం మీద శిల్పులు ఈ దృశ్యాన్ని రాతిలో చెక్కారు. ఎడ్లబండి, నేల మీద నాణేలు పరుస్తున్న మనుషులు అందులో కనిపిస్తారు. కలకత్తా ఇండియన్ మ్యూజియంకి వెళ్తే చూడండి.

నేలకు పద్దెనిమిది కోట్లు, కట్టడాలకు పద్దెనిమిది, విహార దానోత్సవానికి పద్దెనిమిది, మొత్తం యాభై నాలుగు కోట్లని పాళీ అట్ఠకథలు లెక్క చెబుతాయి. అందరూ ఆ బంగారం గురించే చెబుతారు. నాకైతే వినయ పిటకంలో ఆయన కట్టించినవాటి జాబితా ఎక్కువ నచ్చుతుంది. ఉండే గదులు, సామాన్ల గదులు, చలి కాచుకునే గది, బావులు, బావుల మీద కప్పులు, స్నానాల గదులు, చెరువులు, నడిచే బాటలు, మరుగుదొడ్లు. అవును, మరుగుదొడ్లు కూడా. దూరం నుంచి నడిచొచ్చిన మనిషికి ముందు కావలసింది కాళ్ళు కడుక్కోను నీళ్ళు, ఒంటికి పోను చాటు. మన సభలకు వచ్చే ఆడవాళ్ళను అడగండి, ఈ మాట ఎంత నిజమో చెబుతారు. వేదిక మీద పూలదండలకు వేలు పెడతాం. ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలో ఆలోచించం.

ఆ జేతవనంలో తథాగతుడు పంతొమ్మిది వర్షావాసాలు గడిపాడని చెబుతారు. మనం ఈనాడు చదువుకునే సుత్తాల్లో ఎన్నో అక్కడ చెప్పినవే. అతిథికి చోటు సరిగ్గా కుదిరితే లోకానికి ఎంత మేలు జరిగిందో చూశారా?

రాజుగారి విందు, శ్రేష్ఠి ఇంటి అన్నం

సుదత్తుడి ఇంట్లో రోజూ వందల మంది భిక్ఖువులకు భోజనం. ఆ ఇల్లు నలుగురూ వచ్చి తాగే చెలమలాగా ఉండేదట. ఒకరోజు ప్రసేనజిత్తు రాజు అది చూసి తనూ అట్లా చేయాలనుకున్నాడు. రాజు తలచుకుంటే కొదవేముంది? పాత బియ్యం, రకరకాల రుచులు. కానీ కొన్నాళ్ళకు చూస్తే రాజభవనంలో కూర్చుని తినేవాళ్ళే లేరు. భిక్ఖువులు వస్తున్నారు, పెట్టింది తీసుకుంటున్నారు, తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోయి అక్కడ కూర్చుని తింటున్నారు. రాజు చిన్నబుచ్చుకుని బుద్ధుణ్ణి అడిగాడు. ఆత్మీయత లేని చోట అన్నం రుచించదని, నమ్మకమే అన్నిటికన్నా గొప్ప రుచి అని బుద్ధుడు వివరించాడు. రాజభవనంలో వడ్డించేది ఉద్యోగులు, ప్రేమతో పెట్టే చెయ్యి ఒక్కటీ లేదు. సుదత్తుడి ఇంట్లో ఇంటివాళ్ళే వడ్డించేవాళ్ళు.

కాలకణ్ణి

సుదత్తుడికి చిన్ననాటి నేస్తం ఒకడు ఉండేవాడు. ఇద్దరూ మట్టిలో ఆడుకున్నారు, ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఆ నేస్తం పేరు కాలకణ్ణి. దరిద్రుడు, అపశకునం అని దాని అర్థం. పెద్దయ్యాక బతుకు చితికిపోయి సుదత్తుడి గుమ్మం ముందు నిలబడ్డాడు. సుదత్తుడు ఓదార్చి, ఇంట్లో పెట్టుకుని, జీతమిచ్చి, ఆస్తిపాస్తులు చూసుకునే బాధ్యత అప్పజెప్పాడు.

ఇంట్లో పొద్దున లేస్తే కాలకణ్ణీ రా, కాలకణ్ణీ కూర్చో, కాలకణ్ణీ తిను అన్న పిలుపులే. బంధువులకు ఒళ్ళు మండింది. ఈ పేరు వింటే భూతాలు కూడా పారిపోతాయి, వీడు నీకు సమానుడు కాడు, బయటికి పంపెయ్ అన్నారు. సుదత్తుడు ఒప్పుకోలేదు. పేరు మనిషిని గుర్తు పట్టడానికే గాని మనిషి విలువ కట్టడానికి కాదని, పేరు చూసి నేస్తాన్ని వదలనని తేల్చి చెప్పాడు.

ఒకసారి ఇల్లు ఆ నేస్తానికే అప్పజెప్పి పొరుగూరు వెళ్ళాడు. యజమాని లేడని తెలిసి దొంగలు ఆయుధాలతో ఇల్లు చుట్టుముట్టారు. కాలకణ్ణి ఇట్లా జరుగుతుందని ముందే అనుమానించి మేలుకుని ఉన్నాడు. వాళ్ళను లేపు, వీళ్ళను పిలువు, శంఖం ఊదు, డప్పు కొట్టు అని ఇల్లంతా తిరుగుతూ ఇంటి నిండా సైన్యం ఉన్నంత గోల చేశాడు. దొంగలు హడలిపోయి కర్రలు, రాళ్ళు అక్కడే పారేసి పరుగెత్తారు. తెల్లారి ఆ కర్రలు చూసినవాళ్ళకు నోట మాట రాలేదు. అపశకునం అన్న మనిషే ఇంటిని కాపాడాడు.

మన తాతల పేర్లు ఎట్లా ఉండేవో మీకు తెలుసు. మంచి పేరు పెట్టుకుంటే ఊరు ఊరుకునేది కాదు. కులం పేరునే తిట్టు చేశారు. ఆ పేరు విని మొహం ముడవని ఇల్లు రెండున్నర వేల ఏళ్ళ కిందట ఒకటి ఉండింది. అది ఒక ధమ్మ ఉపాసకుడి ఇల్లు.

నీళ్ళు మోసిన పున్న

ఇంత చెప్పాను కాబట్టి ఇంకో మాట దాచకూడదు. ఆ ఇంట్లో పున్న అని ఒక దాసి ఉండేది. దాసి కడుపున పుట్టిన దాసి. ఆమె పని నీళ్ళు మోయడం. గడ్డకట్టే చలిలో తెల్లవారకముందే నదిలో దిగాలి. ఆలస్యమైతే యజమానురాళ్ళు కొడతారని, తిడతారని భయం. ఈ మాట థేరీగాథలో పున్నే స్వయంగా చెప్పుకుంది. అతిథులు చల్లగా తాగిన నీళ్ళ వెనుక ఒక ఆడమనిషి వణుకు ఉంది. అనాథలకు అన్నం పెట్టిన ఇంట్లోనే అది జరిగింది.

ఒక చలి పొద్దున ఒక బ్రాహ్మణుడు వణుకుతూ నదిలో మునగడం ఆమె చూసింది. నీళ్ళు పాపం కడిగేటట్టయితే కప్పలు, తాబేళ్ళు, మొసళ్ళన్నీ స్వర్గానికి పోవాలి కదా అని వాదించింది. ఆ నీళ్ళు పాపంతోపాటు పుణ్యాన్ని కూడా కొట్టుకుపోవా అని అడిగింది. ఆ బ్రాహ్మణుడు ఓడిపోయి త్రిశరణాలు తీసుకున్నాడు. ఈ సంగతి తెలిశాక సుదత్తుడు పున్నను దాస్యం నుంచి విడిపించాడు. ఆమె సంఘంలో చేరి అర్హంతురాలైంది.

ఆయన ముందే విడిపించి ఉండాల్సింది. ఆ మాట మనం అనగలం, అనాలి కూడా. కానీ కళ్ళు తెరిచినప్పుడు తెరిచాడు. మరి మన సంగతేంటి? అతిథులొస్తే ముందుగదిలో మగవాళ్ళం ధమ్మం మాట్లాడుకుంటాం. వంటింట్లో ఆమె చెమటలు కక్కుతూ ఉంటుంది. అందరూ తిన్నాక చల్లారిన అన్నం ఆమె తింటుంది. ఆ ఆతిథ్యం ఎవరిది? పేరు మనది, కష్టం ఆమెది. ఈసారి అతిథులొస్తే వడ్డించేది మీరు, కూర్చునేది ఆమె. ఒక్కసారి చేసి చూడండి.

నూకల జావ

సుదత్తుడికీ చెడ్డ రోజులొచ్చాయి. వర్తకులకు అప్పిచ్చిన పద్దెనిమిది కోట్లు తిరిగి రాలేదు. నది ఒడ్డున పాతిపెట్టిన వంశపు ధనం ఇంకో పద్దెనిమిది కోట్లు వరదకు కొట్టుకుపోయాయి. నేతి వంటలు వండిన పొయ్యి మీద నూకల జావ ఉడికింది. నంచుకోను పులిసిన తరవాణి. అయినా పిలవడం మానలేదు. బుద్ధుడు దానం సాగుతోందా అని అడిగితే, సాగుతోంది గాని నూకల జావే పెడుతున్నానని తలవంచుకుని చెప్పాడు.

బుద్ధుడు ఆయన సిగ్గును పోగొట్టాడు. పెట్టింది ముతకదా సన్నదా అన్నది కాదు లెక్క. నిర్లక్ష్యంగా, గౌరవం లేకుండా, తన చేత్తో కాకుండా, మిగిలింది పారేసినట్టు పెడితే పంచభక్ష్యాలైనా దండగే. ఆదరంగా, స్వయంగా, మళ్ళీ రావాలన్న కోరికతో పెడితే జావైనా గొప్పదే. ఇదీ ఆయన చెప్పిన దాని సారం.

ఇది మనలాంటి వాళ్ళ కోసం చెప్పినట్టే ఉంది కదా. భంతేజీని ఇంటికి పిలవాలంటే రేకుల ఇల్లు అని, కుర్చీలు లేవని వెనకాడేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వడ్డీకి తెచ్చి విందు చేసి ఏడాదంతా కట్టుకునేవాళ్ళనూ చూశాను. రెండూ వద్దు. చాప దులిపి వేయండి, చెంబుతో నీళ్ళివ్వండి, ఉన్నది పెట్టండి. సిగ్గుపడాల్సింది పేదరికం చూసి కాదు, మనిషిని తేడాగా చూసినందుకు.

చివరి కోరిక

ముసలితనంలో సుదత్తుడు మంచం పట్టాడు. నొప్పులు భరించలేని స్థితి. కబురందుకుని సారిపుత్తుడు, ఆనందుడు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. జీవితమంతా ఇతరులకు ఆసనం వేసినవాడి దగ్గరికి ఇప్పుడు అతిథులే పలకరింపుగా వచ్చారు. సారిపుత్తుడు దేనినీ పట్టుకుని వేలాడకపోవడం గురించి లోతైన ధమ్మం చెప్పాడు. కన్ను, చెవి, శరీరం, ఆలోచన, దేనికీ అంటుకోవద్దన్నాడు. సుదత్తుడు ఏడ్చాడు. దిగులు పడుతున్నావా అని ఆనందుడు అడిగితే కాదన్నాడు. ఇన్నేళ్ళు తథాగతుణ్ణి, సంఘాన్ని సేవించినా ఇటువంటి ధమ్మం ఎన్నడూ వినలేదన్నాడు. తెల్లబట్టల గృహస్థులకు ఇది చెప్పే అలవాటు లేదని, ఇల్లు విడిచినవాళ్ళకే చెబుతామని సమాధానం వచ్చింది. అప్పుడాయన ఒక్కటే కోరాడు. గృహస్థులకు కూడా చెప్పండి, అర్థం చేసుకోగలవాళ్ళు మాలోనూ ఉన్నారు, వినక నష్టపోతున్నారు అన్నాడు. కొద్దిసేపటికే కన్నుమూశాడు.

ఆ కోరిక మీకు అర్థమైందా? చావుమంచం మీద కూడా ఆయన ఆతిథేయుడే. తనకు పెట్టిన దాన్ని చూసి, బయట ఇంకా ఆకలిగా ఉన్నవాళ్ళ కోసం తలుపు తీయమన్నాడు. చదువు కొందరికే, ధమ్మం కొందరికే అన్న గోడ మీద అది ఒక గృహస్థుడు కొట్టిన దెబ్బ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మంది తెల్లబట్టల జనానికి ఆ తలుపు బార్లా తెరిచాడు. మనం ఆ తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్ళం.

లోపలికి వచ్చినవాళ్ళం, ఇప్పుడు మన తలుపు సంగతి చూసుకోవాలి. గోడకు బుద్ధుడి పటం ఉంది, బాబాసాహెబ్ పటం ఉంది. 22 ప్రతిజ్ఞలు చేశాం, మనుషులంతా సమానమని ఒట్టు పెట్టుకున్నాం. అయినా కొత్త మనిషి రాగానే ఏ ఊరు, ఇంటిపేరేంటి అని అడిగి, మాలా మాదిగా అని లోపల లెక్క వేసుకుంటున్నామా లేదా? మనకన్నా కింద అని ఊరు చెప్పినవాళ్ళు వస్తే గ్లాసు మారుస్తున్నామా లేదా? మురుగుకాలువ తీయడానికి వచ్చిన అన్న నీళ్ళడిగితే స్టీలు చెంబు ఇస్తున్నామా, పారేసే సీసా వెతుకుతున్నామా? ఈ ప్రశ్నలకు జవాబు మీకే తెలుసు. నాకు చెప్పక్కర్లేదు.

దోసిట్లో నీళ్ళు తాగిన తాతల పిల్లలం మనం. మన ఇంట్లో ఎవరూ దోసిలి పట్టకూడదు. వచ్చే పౌర్ణమికి ఒక్క పని చేయండి. ఇంతవరకు మీ ఇంట్లో తినని ఒక కుటుంబాన్ని, మీ కులం కానివాళ్ళను, భోజనానికి పిలవండి. గుమ్మం దాకా ఎదురెళ్ళండి. పేరు పెట్టి పిలవండి. మీరు తినే కంచాల్లోనే పెట్టి, మీరూ వాళ్ళ పక్కనే కూర్చోండి. నూకల జావైనా సరే.

జై భీమ్! నమో బుద్ధాయ!